ఇసుక జమాఖర్చు: ఆంధ్ర తీరం రూపుకట్టిన తీరు

ఆంధ్రప్రదేశ్ తీరం పొడవెంత అంటే మొన్నమొన్నటిదాకా ఒకటే జవాబు: 974 కిలోమీటర్లు. పోటీ పరీక్షలకు చదివే పిల్లలందరికీ అది కంఠతా వచ్చు. కేంద్రం ఈమధ్య ప్రకటించిన కొత్త లెక్కలో అది 1,053 అయింది. దేశం మొత్తానికి 7,516 ఉన్నదల్లా 11,098 కిలోమీటర్లకు చేరింది. సముద్రమేమీ కొత్తగా ఒడ్డు పంచిపెట్టలేదు. 1970ల్లో చిన్న స్కేలు పటం మీద కొలిచినదాన్ని ఇప్పుడు పెద్ద స్కేలు పటాల మీద కొలిచారు, అంతే. మొగలు, ఉప్పుటేర్ల మెలికలు, దీవుల అంచులు లెక్కలోకి వచ్చాయి. కొలబద్ద చిన్నదయ్యేకొద్దీ తీరం పొడుగవుతూనే ఉంటుందని గణిత శాస్త్రజ్ఞుడు మాండెల్‌బ్రో 1967లోనే బ్రిటన్ తీరాన్ని ఉదాహరణగా తీసుకుని చూపించాడు.

పొడవు సంగతి అలా ఉంచుదాం. ఆ గీత ఎందుకు ఆ వంపుల్లో ఉందన్నది అంతకంటే మంచి ప్రశ్న. విశాఖ దగ్గర కొండలు నేరుగా నీళ్లలోకి దిగుతాయి. కాకినాడ దగ్గర భూమి ఒక సన్నని చెయ్యి చాపినట్టు సముద్రంలోకి సాగుతుంది. దివిసీమ దగ్గర నేల ఎక్కడ ఆగిందో, నీళ్లు ఎక్కడ మొదలయ్యాయో చెప్పడమే కష్టం. ఇంకా దక్షిణానికి పోతే పులికాట్. వెయ్యి కిలోమీటర్లలో ఇన్ని రకాలా? దీనికి శాస్త్రజ్ఞులు వందేళ్లకు పైగా చెబుతూ వచ్చిన జవాబుల్లో ఏది నిలిచింది, ఏది నిలవలేదు అన్నది చూడటమే ఈ వ్యాసం పని.

మన బడి పుస్తకాల జవాబుతో మొదలుపెడదాం. తూర్పు తీరం ఉన్మజ్జన తీరం, అంటే నీళ్లలోంచి పైకి తేలినది. పడమటి తీరం నిమజ్జన తీరం, అంటే మునిగినది. ఈ విభజనకు మూలం అమెరికా భూగోళ శాస్త్రజ్ఞుడు డగ్లస్ జాన్సన్ 1919లో తీర ప్రక్రియల మీద రాసిన పుస్తకం. భూరూపాలకు బాల్యం, యౌవనం, వార్ధక్యం ఉంటాయని చెప్పిన డేవిస్ శిష్యపరంపరలోనివాడు జాన్సన్. నేల పైకి లేచినా, సముద్రం కిందికి దిగినా ఒక రకం తీరం. అది తారుమారైతే ఇంకో రకం. చక్కటి సూత్రం, పరీక్షలో రాయడానికి అనువైనది. జాన్సన్‌కు అన్యాయం చేయకూడదు కాబట్టి ఒక మాట: డెల్టాలు, పగడపు దిబ్బలు ఈ రెండు గదుల్లో ఇమడవని ఆయనకు తెలుసు. వాటికి వేరే గది పెట్టాడు. మన పుస్తకాలు ఆ గదిని వదిలేసి మిగతా రెండింటినే పట్టుకున్నాయి.

అసలు చిక్కు వేరే ఉంది. సుమారు ఇరవై వేల ఏళ్ల కిందట, మంచుయుగం పతాక స్థాయిలో ఉన్నప్పుడు, ప్రపంచమంతటా సముద్రమట్టం ఇప్పటికంటే దాదాపు 120 మీటర్లు కిందికి ఉండేది. మంచు కరిగి నీళ్లు పైకి వచ్చాయి. ఆ పెరుగుదల ఏడెనిమిది వేల ఏళ్ల కిందటికి గాని నెమ్మదించలేదు. ఆ లెక్కన భూమ్మీద చాలా తీరాలు మునిగినవే, మన తూర్పు తీరంతో సహా. నెల్లూరు, కృష్ణా, గోదావరి జిల్లాల్లో భూమి సముద్రంలోకి ముందుకు జరిగిన మాట నిజమే. ప్రధానంగా అది లేవడం వల్ల కాదు, నదులు తెచ్చి పోయడం వల్ల. పైకి లేవడం, నిండిపోవడం పటం మీద ఒకేలా కనిపిస్తాయి. జరిగే పని మాత్రం వేరు. అందుకే ఈ ‘ఉన్మజ్జన’ ముద్రను ఇక పుస్తకాల్లోంచి తీసేయవచ్చని నా అభిప్రాయం. పిల్లవాడికి అది తీరం గురించి ఏమీ చెప్పదు.

1971లో ఇన్‌మన్, నార్డ్‌స్ట్రోమ్ అనే ఇద్దరు ఇంకో వైపు నుంచి వచ్చారు. తీరం పెద్ద ఆకారాన్ని నిర్ణయించేది భూఫలకాల చరిత్ర అన్నారు. ఇది మనకు బాగా అతుకుతుంది. సుమారు పదమూడు కోట్ల ఏళ్ల కిందట భారతదేశం అంటార్కిటికా నుంచి విడిపోయినప్పుడు చీలిన అంచే మన తూర్పు తీరం. తూర్పు కనుమల రాళ్లకు జోడీ రాళ్లు ఇప్పటికీ అంటార్కిటికాలో ఉన్నాయి. ద్వీపకల్పం తూర్పుకు వాలి ఉంది. నాసిక్ దగ్గర, అరేబియా సముద్రానికి కూతవేటు దూరంలో పుట్టిన గోదావరి, దాన్ని కాదని దాదాపు 1,465 కిలోమీటర్లు నడిచి బంగాళాఖాతంలో కలుస్తుంది. దక్కను పీఠభూమి మట్టిలో చాలా భాగం మనవైపే వస్తుందన్నమాట. తీరానికి సరుకు అందింది. ఇక దాన్ని సర్దేవి అలలు.

ఇక్కడ కొంచెం నిలబడాలి, ఎందుకంటే కీలకమంతా ఇక్కడే ఉంది. మన తీరం స్థూలంగా నైరుతి నుంచి ఈశాన్యానికి సాగుతుంది. నైరుతి రుతుపవనాల నెలల్లో అలలు దక్షిణం నుంచి ఏటవాలుగా వచ్చి తగులుతాయి. ఏటవాలుగా ఎక్కిన నీరు ఇసుకను తనతో పైకి తీసుకెళుతుంది. తిరిగి దిగేటప్పుడు మాత్రం వాలు ఎటుంటే అటే నేరుగా జారుతుంది. ప్రతి అలకీ ప్రతి ఇసుక రేణువూ ఒక్క అడుగు ఉత్తరానికి జరుగుతుంది. నవంబరు నుంచి సంక్రాంతి దాకా ఈశాన్య గాలులు కొంత ఇసుకను వెనక్కి తోస్తాయి గాని, ఏడాది మొత్తమ్మీద తూకం ఉత్తరం వైపే. ఆటుపోట్ల ప్రభావం తక్కువ: విశాఖలో పెద్ద పోటుకూ పెద్ద ఆటుకూ మధ్య తేడా సుమారు ఒకటిన్నర మీటర్లు, గుజరాత్‌లోని ఖంభాత్ సింధుశాఖలో అది పది మీటర్లు దాటుతుంది. కాబట్టి మనది అలల రాజ్యం. పొడుగాటి బీచ్‌లు, నది మొగలకు అడ్డంపడే ఇసుక మేటలు, ఉత్తరానికి తిరిగే దిబ్బలు, ఇవన్నీ ఆ రాజ్యపు గుర్తులే.

దీన్ని మన గడ్డ మీద కొలిచి చూపించినవాళ్లలో ముందుగా చెప్పుకోవలసింది ఆంధ్ర విశ్వవిద్యాలయం వాళ్లను. 1952లో అమెరికా సముద్ర శాస్త్రజ్ఞుడు యూజీన్ లాఫాండ్ వాల్తేరు వచ్చి ఇక్కడి అధ్యాపకులతో, విద్యార్థులతో కలిసి పనిచేశాడు. వాల్తేరు బీచ్ ఏ నెలల్లో కోతకు గురవుతుంది, ఏ నెలల్లో మేట వేస్తుంది అన్న లెక్కలు అప్పుడే పుట్టాయి. సముద్రం అడుగున ఖండపు అంచు దిగే వాలు మీద ఉన్న లోయలకు తర్వాత ఆయన పెట్టిన పేర్లు చూడండి: ఆంధ్ర, మహదేవన్, కృష్ణ. మహదేవన్ అంటే అప్పటి భూవిజ్ఞాన శాఖ ఆచార్యులు సి. మహదేవన్. బంగాళాఖాతం అడుగున తన పేరిట లోయ ఉన్న మాస్టారు ఇంకొకరు ఉన్నారేమో నాకు తెలియదు.

ఆ మహదేవనే 1958లో ప్రసాదరావుతో కలిసి గోదావరి మొగకు ఉత్తరాన ఇసుక దిబ్బ ఎందుకు పెరుగుతోందని ఒక వ్యాసం రాశారు. కాకినాడ వాళ్లు హోప్ ఐలాండ్ అని పిలిచేది ఈ దిబ్బనే. తీరం ఎలా తయారవుతుందో ఒకే చోట చూడాలంటే ఇంతకంటే మంచి పాఠం దేశంలో దొరకదు. గౌతమి పాయ తెచ్చిన ఇసుక మొగ దాటగానే నీటి వేగం తగ్గి కింద పడుతుంది. దాన్ని అలలు ఉత్తరానికి తోస్తాయి. కాకినాడ దగ్గర తీరం లోపలికి మళ్లుతుంది, ఇసుక మాత్రం తన దారిన నేరుగా సాగుతుంది. అలా సాగినదే సుమారు 16 కిలోమీటర్ల దిబ్బ. గత రెండు శతాబ్దాల్లో పెరిగినదే ఇదంతా. భూవిజ్ఞాన కాలమానంలో ఇది నిన్నటి మాట.

దిబ్బ పెరిగేకొద్దీ దాని వెనక నీళ్లు నిమ్మళించాయి. నిలకడ నీటిలో బురద దిగుతుంది. బురద మీద మడ చెట్లు నాటుకుంటాయి. మడ వేళ్లు ఇంకా బురదను పట్టి ఉంచుతాయి. కోరంగి మడ అడవి ఇలా బలపడిందే. అందులో 235 చదరపు కిలోమీటర్లు ఇప్పుడు అభయారణ్యం. అంటే బయట ఇసుకను నిలబెట్టే అల, లోపల బురదను నిలబెట్టే అల లేమి, రెండూ ఒకే దిబ్బ చేసిన పనులు. ఇదే కోరంగి ఒకప్పుడు గొప్ప రేవు, ఓడలు కట్టిన ఊరు. బర్మాకు వలసపోయిన తెలుగువాళ్లను అక్కడ ‘కోరంగీ’లనడం ఈ ఊరి పేరు మీదనే. 1789, 1839 ఉప్పెనలు ఆ రేవును చంపాయని కథల్లో చెబుతారు. ఉప్పెనలు దెబ్బ తీసిన మాట నిజం. కానీ ఉప్పెన తర్వాత రేవులు తిరిగి లేచిన సందర్భాలు చాలా ఉన్నాయి. పూడికతో పోయిన లోతు మాత్రం తిరిగి రాలేదు. రెండింటిలో రేవును ముగించింది పూడికే అని నేననుకుంటాను.

గోదావరి, కృష్ణా డెల్టాలు ఇదే కథ పెద్ద ఎత్తున. 1975లో గాల్లోవే డెల్టాలను మూడు మూలల త్రిభుజంలో పెట్టాడు: నది గెలిచినవి, అల గెలిచినవి, ఆటుపోటు గెలిచినవి. మిసిసిపీ మొదటి మూల, గంగ-బ్రహ్మపుత్ర మూడో మూల వైపు. మనవి రెండూ ప్రధానంగా అలల మూలకు చేరతాయి. నది ఇసుక తెచ్చి మొగలో పోస్తుంది, అల దాన్ని అటూ ఇటూ సాపు చేసి ఒడ్డుకు సమాంతరంగా దిబ్బ కడుతుంది. మరికొన్నాళ్లకు దాని ముందు ఇంకో దిబ్బ. ఇలా ఒకదాని ముందు ఒకటి, నేల సముద్రంలోకి నడిచింది. కోనసీమలో తీరం వైపు గ్రామాల్లో తిరిగితే ఇది కాళ్లకే తెలుస్తుంది: ఇళ్లు, కొబ్బరి తోటలు, రోడ్లు మెరక మీద, మధ్య పల్లంలో వరి. ప్రతి మెరకా ఒకనాటి సముద్రపు ఒడ్డు. ఆ ఊళ్లవాళ్లకు వరద నీళ్లు ఎక్కడిదాకా వస్తాయో ఏ పటం చూడకుండానే తెలుసు.

ఈ డెల్టాలు ఎప్పుడు మొదలయ్యాయన్న దాని మీద ఇప్పుడు పెద్ద తగువు లేదు. సముద్రమట్టం పెరుగుదల నెమ్మదించాకే ప్రపంచంలోని డెల్టాలు దాదాపు ఒకే కాలంలో, ఏడెనిమిది వేల ఏళ్ల కిందట, పుట్టాయని స్టాన్లీ, వార్న్ 1994లో చూపారు. నీళ్లు పరుగెత్తి వస్తున్నంతకాలం నది పోసినదంతా మునిగిపోతుంది. నీళ్లు ఆగాకే గదా గెలిచేది. మన వైపు పాత దిబ్బల వరుసలను వెతికి, తవ్వి, కాలం కట్టినవాళ్లలో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి చెందిన కాకాని నాగేశ్వరరావు ముఖ్యులు. సుమారు ఆరువేల ఏళ్ల కిందటి తీరం ఇప్పటికంటే ఎన్నో కిలోమీటర్లు లోపలికి ఉండేది. ఆనాడు కొల్లేరు సముద్రానికి ఆనుకున్న ఉప్పునీటి మడుగు. దాని రెండు పక్కలా రెండు నదులూ డెల్టాలను ముందుకు తోసుకుంటూ పోతే మధ్యలో పల్లం మిగిలిపోయింది. ముందు ఇసుక దిబ్బలు మూశాయి, తర్వాత ఏర్లు మంచినీళ్లు నింపాయి. ఇప్పుడు సముద్రంతో దానికున్న చుట్టరికమల్లా ఉప్పుటేరు ఒక్కటే.

చరిత్రకారులు కూడా ఈ కదలికను తెలియకుండానే నమోదు చేశారు. రెండో శతాబ్దపు టాలెమీ పేర్కొన్న కంటకస్సిల అనే వర్తక కేంద్రాన్ని కృష్ణా జిల్లా ఘంటసాలగా గుర్తించారు. బౌద్ధ స్తూపం బయటపడిన ఆ ఊరు ఇవాళ సముద్రానికి బాగా దూరం. ఊరు కదలలేదు.

పులికాట్ వైపు వస్తే తగువు ఇంకా నడుస్తోంది. చిలికా తర్వాత దేశంలో రెండో పెద్ద ఉప్పునీటి సరస్సు ఇది. దీనికీ సముద్రానికీ మధ్య గోడలా నిలిచింది శ్రీహరికోట. ఇలాంటి అడ్డుదిబ్బలు ఎలా పుడతాయి? 1845లో ఫ్రాన్స్‌కు చెందిన ఎలీ ద బొమాన్, అలలు సముద్రం అడుగు ఇసుకను పైకి ఎత్తి దిబ్బ పోస్తాయన్నాడు. 1885లో అమెరికా శాస్త్రజ్ఞుడు గిల్బర్ట్ కాదన్నాడు: తీరం వెంబడి సాగే ఇసుక ముందు పొడుగాటి దిబ్బగా పెరిగి, తర్వాత తుపానుకు మధ్యలో తెగుతుంది. అయిదేళ్లకు మెక్‌గీ మూడో మాట చెప్పాడు: పాత ఒడ్డు దిబ్బలే, సముద్రం లేచి వెనక పల్లంలోకి నీళ్లు రావడంతో దీవులయ్యాయి. నూటపాతికేళ్లు దాటాక చూస్తే ముగ్గురూ ఎక్కడో ఒకచోట ఒప్పే. ఒక్కదానితోనే అంతా తేలుతుందనుకోవడమే తప్పు. శ్రీహరికోట మీద వరసగా ఉన్న పాత దిబ్బలను చూస్తే అది ఒక్క పూటలో పుట్టినది కాదని, ఇసుక అనేక విడతల్లో చేరిందని తెలుస్తుంది. రాకెట్లకు అనువైన స్థలమని దాన్ని 1969లో ఎంచుకున్నారు. తూర్పున బహిరంగ సముద్రం, చుట్టూ జనం తక్కువ. ఆ రెండు సుగుణాలూ అలలు కట్టిపెట్టినవే.

అడ్డుదిబ్బకు ఉండే మొగలు మాత్రం ఎప్పుడూ కుదురుగా ఉండవు. ఇసుక మూస్తుంది, వరద తెరుస్తుంది. పులికాట్ జాలరులకు రాయదొరువు మొగ పూడిక తీయడం అన్నది ఎన్నికల హామీ స్థాయి సమస్య. మొగ మూసుకుపోతే సరస్సులోకి రొయ్య రాదు, చేప రాదు. చిలికా విషయంలో ఒడిశా 2000 సంవత్సరంలో కొత్త మొగ తవ్వింది. చేపల దిగుబడి వెంటనే పెరిగింది. కాకపోతే తవ్విన మొగ కూడా ఇసుక దారిలోనే ఉంటుంది, దానికి మినహాయింపు లేదు.

ఉత్తరాంధ్రలో పదార్థమే వేరు. అక్కడ ఖోండలైటు కొండలు సముద్రంలోకి దూసుకొస్తాయి: యారాడ, డాల్ఫిన్స్ నోస్, కైలాసగిరి, భీమిలి పావురాళ్లకొండ. అలలు లోతు తగ్గేకొద్దీ వేగం తగ్గి వంగుతాయి. ఆ వంపులో వాటి బలమంతా కొండ ముక్కుల మీద పడి, మధ్య వంపుల్లో పలచబడుతుంది. ముక్కు అరుగుతుంది, వంపులో బీచ్ పేరుకుంటుంది. రాయి ఎక్కడ పగుళ్లు ఇచ్చిందో అక్కడ గుహ, రెండు వైపులా తొలిస్తే తోరణం. మంగమారిపేట దగ్గర రాతి తోరణం ఆ దశలో ఉంది. ఫొటోలు తీసుకునేవాళ్లు దాని మీదికి ఎక్కకపోతే కొన్నాళ్లు నిలుస్తుంది. ఖోండలైటు మన వానలకు, ఎండలకు మెత్తబడి రాలుతుంది. అందులోని గార్నెట్, సిల్లిమనైట్, ఇతర రాళ్లలోని ఇల్మనైట్ బరువైనవి. అల తేలిక ఇసుకను తీసుకుపోయి వీటిని వదిలేస్తుంది. భీమిలి ఒడ్డున కనిపించే నల్లటి, ఎర్రటి చారలు అవే.

భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బలు ఇక్కడి మరో ముడి. ఈ ఇసుక గాలి తెచ్చిందా, ఏరు తెచ్చిందా, సముద్రం తెచ్చిందా అని దశాబ్దాలుగా వాదించుకున్నారు. సముద్రం వెనక్కి తగ్గిన కాలంలో ఆరిపోయిన ఇసుకను గాలి ఎత్తి పోసిందన్నది ఎక్కువమంది ఒప్పుకున్న మాట. అడుగు పొరల్లో నీటి పని కూడా ఉంది. తర్వాత వేల ఏళ్ల వానలు ఇనుపధాతువును రేణువుల మీద పూతగా చేర్చి ఎర్రబరిచాయి, అవే వానలు లోయలు కోశాయి. జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తింపు పొందిన ఈ చోటు 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలో కూడా చేరింది. చుట్టూ లేఅవుట్లు కూడా అంతే వేగంగా చేరుతున్నాయి.

ఇప్పటిదాకా చెప్పినవన్నీ ఒకే లెక్కకు పద్దులు. కొండ, నది ఇసుక జమ చేస్తాయి; అలలు తోసుకుపోయేదీ, లోతు నీళ్లలోకి జారిపోయేదీ ఖర్చు. దిబ్బ, మేట, మడుగు, బీచ్ ఆ లెక్కలో ఆ రోజుకు మిగిలిన నిల్వలు. తుపాను ఒక్క రాత్రిలో నిల్వను చెల్లాచెదురు చేస్తుంది. 1977 నవంబరు 19న దివిసీమ మీద అయిదు మీటర్ల ఎత్తున విరుచుకుపడిన ఉప్పెన పదివేలమందిని మింగింది. ఇసుక రాక సక్రమంగా ఉంటే బీచ్ మాత్రం తుపాను గాయాన్ని తానే పూడ్చుకుంటుంది. ప్రమాదం జమ ఆగినప్పుడు.

జమ ఆగిందని చూపించే అంకెలు నాగేశ్వరరావు బృందం 2010లో ప్రచురించింది. కృష్ణ తెచ్చే ఒండ్రు 1966-69లో ఏటా 90 లక్షల టన్నులు. 2000-05 నాటికి 4 లక్షలు. గోదావరిలో 1970లలో 15 కోట్ల టన్నులు. 2000-06 నాటికి 5.7 కోట్లు. మిగతాది ఆనకట్టల వెనక ఉంది. ఫలితంగా 1965, 2008 మధ్య రెండు డెల్టాల 336 కిలోమీటర్ల తీరంలో పెరిగినది తీసేయగా పోయిన నేల 76 చదరపు కిలోమీటర్లు. సివిట్‌స్కీ బృందం 2009లో ప్రపంచంలోని 33 డెల్టాలను పరిశీలించి, కృష్ణను అత్యంత ప్రమాదంలో ఉన్నవాటి సరసన పెట్టింది. ఆరువేల ఏళ్లు ముందుకు నడిచిన తీరం వెనకడుగు వేయడం మన తాతల కాలం తర్వాతే మొదలైంది.

సముద్రమట్టం పెరుగుదలే దీనికి కారణమని తేల్చేయడం ఇప్పుడు సులువైపోయింది. మట్టం ఇంత పెరిగితే ఒడ్డు ఇంత వెనక్కి పోతుందని 1962లో బ్రూన్ ఒక సూత్రం ఇచ్చాడు. నేటికీ నివేదికల్లో దాన్ని వాడుతుంటారు. ఇసుక తీరం వెంబడి కదలదన్నట్టు లెక్కవేసే ఆ సూత్రాన్ని వదిలేయమని కూపర్, పిల్కీ 2004లో గట్టిగా వాదించారు. ఏడాది మొత్తమ్మీద ఇసుక ఉత్తరానికే నడిచే మన తీరానికి ఆ వాదన మరీ వర్తిస్తుంది.

ఉప్పాడ దగ్గర ఇవన్నీ కలిసి పరీక్షకు వస్తాయి. కాకినాడ దిబ్బకు ఉత్తరాన ఉన్న ఈ ఊరు ఏటా కొన్ని ఇళ్లు, కొంత బీచ్ రోడ్డు సముద్రానికి ఇస్తోంది. ఒకరు అంటారు, దిబ్బ ఇసుకను తన కొసన పట్టేసుకోవడం వల్ల అవతలికి అందడం లేదని. ఇంకొకరు, దిబ్బ చుట్టూ వంగిన అలలు ఉప్పాడ మీదనే కేంద్రీకరిస్తున్నాయని. మూడోవారు రేవు అడ్డుగోడలను చూపుతారు, నాలుగోవారు పైన ఆనకట్టలను. మొదటి రెండూ ప్రకృతి పనులు, ఈ కోత ఎక్కడ పడాలో నిర్ణయించినవి అవే. కోత ఇంత తీవ్రం కావడానికి మిగతా రెండు తోడయ్యాయని నాకు తోస్తుంది. దిబ్బకే తిండి తగ్గినప్పుడు దాని అవతలివాళ్లకు మిగిలేదేముంది? రోడ్డు పక్కన పోసిన బండరాళ్లకు ఈ నాలుగింటిలో దేనితోనూ సంబంధం లేదు. రాళ్ల వెనక రోడ్డు కొన్నాళ్లు నిలుస్తుంది, ముందున్న బీచ్ పలచబడుతుంది, రాళ్లు ఎక్కడ అయిపోతాయో అక్కడి నుంచి కొత్త కోత మొదలవుతుంది.